టీపీబీ, టామ్, హెల్త్ బిలీఫ్, కామ్-బి: మీ స్టడీకి ఏ థియరీ పట్టుకోవాలి?

ఎంబీఏ ప్రాజెక్ట్ అయినా, ఎమ్మెస్సీ నర్సింగ్ డిజర్టేషన్ అయినా, ఎన్జీవో వాళ్ళ బేస్‌లైన్ సర్వే అయినా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు "థియరిటికల్ ఫ్రేమ్‌వర్క్ ఏంటి మీది?" అని అడుగుతారు, అంటే జనం ఒక పని ఎందుకు చేస్తారో, ఎందుకు చేయరో వివరించడానికి మీరు పట్టుకున్న థియరీ ఏది అని. పైన టైటిల్‌లో ఉన్నవన్నీ అలాంటి థియరీలే. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే గత బ్యాచ్ సీనియర్ దగ్గరున్న క్వశ్చనేర్ తెచ్చుకుని, అందులో ఏ థియరీ ఉంటే అదే మన థియరీ అనేసుకుని, టాపిక్ పేరు మార్చి కానిచ్చేస్తారు. డిగ్రీకి ఢోకా ఏం లేదు, వచ్చేస్తుంది. కానీ చేస్తామని చెప్పిన పని జనం ఎందుకు చేయట్లేదో మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే మాత్రం, థియరీ ఎంచుకునే దగ్గరే సగం పని తేలిపోతుంది.

నా మాట ఒక్కటే. జనం ఎక్కడ ఆగిపోతున్నారో ముందు కనుక్కోండి. అసలు చేద్దామన్న ఉద్దేశమే లేక చేయట్లేదా, ఉద్దేశం ఉండి కూడా చేయట్లేదా? ఈ రెండూ వేరే వేరే జబ్బులు, మందులూ వేరే. మన దగ్గర ప్రాజెక్టులన్నీ మొదటి జబ్బుకి మందిచ్చే థియరీల చుట్టూనే తిరుగుతుంటాయి, ఫీల్డ్‌లో కనపడేదేమో ఎక్కువగా రెండోది.

ఉదాహరణకి హెల్మెట్ తీసుకుందాం, మొత్తం దీని మీదే నడిపిద్దాం. హైదరాబాద్‌లో ఏదో ఒక సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. మోచేతికి తగిలించుకున్న హెల్మెట్, అద్దానికి వేలాడుతున్న హెల్మెట్, ట్యాంకు మీద పెట్టుకుని పొట్టతో నొక్కి పట్టుకున్న హెల్మెట్, తల మీదే ఉన్నా స్ట్రాప్ బిగించని హెల్మెట్, ముందు కెమెరా ఉందని గుర్తొచ్చి ఒంటి చేత్తో బండి తోలుతూ రెండో చేత్తో గబగబా ఎక్కిస్తున్న హెల్మెట్. వీళ్ళందరూ డబ్బులు పెట్టి కొన్నవాళ్ళే. అడిగితే "మంచిదే కదండీ" అనే అంటారు.

ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, మీ పని ఏంటి? ఎందుకు చేస్తున్నారో వివరించడమా, ఎవరు చేస్తారో ముందే చెప్పడమా, లేక ఆ ప్రవర్తనని మార్చడమా? మూడూ ఒకటే అనిపిస్తాయి గానీ కాదు. బాగా అంచనా వేసే థియరీ మార్చడానికి చేతకాకపోవచ్చు.

రెండోది, ఒక్కసారి చేసే పనా రోజూ చేసే పనా. వ్యాక్సిన్ వేయించుకోవడం, పాలసీ కొనడం లాంటివి జనం కాస్త ఆలోచించి చేస్తారు. హెల్మెట్ పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, పొద్దున్నే ఫోన్ పట్టుకోవడం, వీటిలో ఆలోచన పెద్దగా ఉండదు, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.

మూడోది, ఆ పని ఆ మనిషి చేతిలో ఎంతుంది. గర్భిణి ఐరన్ మాత్రలు రోజూ వేసుకుందాం అనుకున్నా సబ్‌సెంటర్‌లో స్టాక్ లేకపోతే ఆవిడ ఉద్దేశాన్ని ఎంత కొలిచినా ఏం లాభం.

నాలుగోది మొహమాటం లేకుండా చెప్పాలంటే టైము, ఓపిక. మళ్ళీ వెళ్ళి అదే మనుషుల్ని రెండోసారి కలవగలరా? కలవలేకపోతే మీరు ఏ థియరీ పట్టుకున్నా కొలిచేది ఉద్దేశాన్నే, ప్రవర్తనని కాదు. ఈ సంగతి రిపోర్ట్‌లో ఒప్పుకుని రాస్తే చాలు, దాచిపెట్టి "ప్రవర్తనని ప్రభావితం చేసే అంశాలు" అని టైటిల్ పెట్టకండి.

అభిప్రాయం అడిగితే సరిపోదని ఎప్పుడు తేలింది

రిచర్డ్ లాపియర్ అని ఒక సోషియాలజిస్ట్ 1930ల మొదట్లో ఒక చైనీస్ జంటతో కలిసి అమెరికా అంతా కారులో తిరిగాడు. చైనీయులంటే అక్కడ బాగా వ్యతిరేకత ఉన్న రోజులవి. మొత్తం 251 హోటళ్ళు, రెస్టారెంట్లు, బస చేసే చోట్లకి వెళ్తే ఒక్కచోట మాత్రమే పొమ్మన్నారు. తర్వాత కొన్ని నెలలకి అవే చోట్లకి "చైనీయుల్ని రానిస్తారా?" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినవాళ్ళలో 90 శాతం పైన రానివ్వం అన్నారు. 1934లో అచ్చయిన ఈ పేపర్‌ని ఇప్పటికీ అందరూ చెప్తుంటారు. తర్వాత 1969లో అలన్ వికర్ అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ తిరగేసి, వైఖరికీ ప్రవర్తనకీ మధ్య కోరిలేషన్ (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే సంఖ్య, సున్నా అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.30 దాటడం అరుదు, చాలాసార్లు సున్నాకి దగ్గర్లోనే ఉంది అని తేల్చాడు.

లాపియర్ స్టడీలో ఒక లొసుగుంది, అదే మనకి ఉపయోగపడేది. ఉత్తరంలో అడిగింది చైనీయులందరి గురించి, గుమ్మంలో నిలబడిందేమో చక్కగా తయారై, ఒక తెల్లాయనతో కలిసి వచ్చిన జంట. ఉత్తరానికి జవాబు రాసినవాడు, కౌంటర్‌లో కూర్చున్నవాడు ఒకడే అవ్వాలనీ లేదు. అంటే అడిగింది ఒకటి, చూసింది ఇంకొకటి.

ఐజెన్, ఫిష్‌బీన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1977లో పట్టుకున్నది సరిగ్గా ఇదే. ఏ పని, దేని మీద, ఎక్కడ, ఎప్పుడు, ఈ నాలుగూ ప్రశ్నలో ఎలా ఉంటే కొలిచే ప్రవర్తనలోనూ అలాగే ఉండాలన్నారు. దీనికి డేవిడ్‌సన్, జకార్డ్ 1979లో చూపించిన లెక్క చాలా బాగుంటుంది. ఆడవాళ్ళని కుటుంబ నియంత్రణ మీద మీ అభిప్రాయం ఏంటి అని అడిగితే, తర్వాత రెండేళ్ళలో వాళ్ళు పిల్స్ వాడారా లేదా అన్నదానితో కోరిలేషన్ 0.08 వచ్చింది. పిల్స్ మీద అభిప్రాయం అడిగితే 0.32, పిల్స్ వాడటం మీద అడిగితే 0.53, వచ్చే రెండేళ్ళలో మీరు పిల్స్ వాడటం గురించి ఏమనుకుంటున్నారు అని అడిగితే 0.57. మనుషులు వాళ్ళే, ప్రవర్తన అదే, ప్రశ్న ఒక్కటే మారింది.

కాబట్టి "రోడ్డు భద్రత ముఖ్యమని మీరు నమ్ముతున్నారా" అని అడిగి హెల్మెట్ గురించి ఏదో తెలిసిపోతుందనుకోకండి. "వచ్చే రెండు వారాల్లో ఆఫీసుకి బండి మీద వెళ్ళే ప్రతిసారీ, ఇంటి దగ్గర నుంచే హెల్మెట్ పెట్టుకుని స్ట్రాప్ బిగించుకోవడం" అని రాయాలి. చదవడానికి వికారంగా ఉంటుంది, కానీ అదే పనిచేస్తుంది. మీరు కింద ఏ థియరీ తీసుకున్నా ఈ రూల్ మాత్రం వదలకండి.

థియరీ ఆఫ్ ప్లాన్డ్ బిహేవియర్, అంటే టీపీబీ

దీనికి అన్న లాంటిది థియరీ ఆఫ్ రీజన్డ్ యాక్షన్, 1975లో ఫిష్‌బీన్, ఐజెన్ పుస్తకంగా వేశారు. మనిషి వైఖరి, చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకుంటారన్న లెక్క, ఈ రెండూ కలిసి ఉద్దేశాన్ని తయారుచేస్తాయి, ఉద్దేశం పనిని నడిపిస్తుంది అని అందులో వాదన. కానీ అన్నీ మన చేతిలో ఉండవు కదా, అందుకే ఐజెన్ 1985లో మొదలుపెట్టి 1991 పేపర్‌లో పూర్తిగా, "ఇది నా వల్ల అవుతుందా" అన్న మూడో ముక్క కలిపాడు. అదే టీపీబీ. పాత థియరీని ఇప్పుడు విడిగా వాడటానికి కారణం పెద్దగా లేదు.

హెల్మెట్‌కి పెట్టి చూస్తే, వైఖరి అంటే తలకి దెబ్బ తగలదు అన్న నమ్మకం ఒకవైపు, జుట్టు ఊడిపోతుంది, ఎండాకాలం చెమట కారిపోతుంది, వెనకాల హార్న్ వినపడదు అన్న నమ్మకాలు ఇంకోవైపు. చుట్టూ ఉన్నవాళ్ళు అంటే ఇంట్లో అమ్మ, ఆఫీసులో పక్క సీటువాడు, వెనక కూర్చునే ఫ్రెండ్. "నా వల్ల అవుతుందా" అన్న మూడో ముక్క, అదే కంట్రోల్, అంటే దిగాక ఎక్కడ పెట్టాలి, బండికి తగిలించి వెళ్తే ఉంటుందా, రెండో హెల్మెట్ ఎక్కడ మోయాలి. ఈ నమ్మకాలు మీరు ఏసీ రూములో కూర్చుని ఊహించి రాయకూడదు, ముందు కొంతమందిని ఓపెన్‌గా అడిగి, వాళ్ళ నోటి నుంచి వచ్చినవాటితోనే ప్రశ్నలు తయారుచేయాలి. ఐజెన్ చెప్పిన ఈ స్టెప్పునే అందరూ ఎగ్గొడతారు, అమెరికా స్కేల్ తర్జుమా చేసి వదిలేస్తారు, జుట్టు ఊడటం అందులో ఉండనే ఉండదు.

ఎంత బాగా అంచనా వేస్తుంది? ఆర్మిటేజ్, కానర్ 2001లో 185 స్టడీలు కలిపి చూస్తే ఉద్దేశంలో 39 శాతం, ప్రవర్తనలో 27 శాతం వేరియన్స్‌ని, అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాని, వివరించింది. సోషల్ సైన్స్‌లో ఇది చిన్న సంఖ్యేం కాదు. అయితే ప్రవర్తనని జనాన్నే అడిగి రాసుకున్నప్పుడు ఎక్కువ, బయటనుంచి గమనించి కొలిచినప్పుడు తక్కువ వచ్చింది. అదే స్టడీలో చుట్టూ ఉన్నవాళ్ళ ఒత్తిడి అన్న ముక్క మూడిట్లో బలహీనంగా తేలింది. నలుగురూ ఏమనుకుంటారో అని బతికే మనకి ఇది మింగుడుపడదు, నాకూ పడలేదు, కానీ అందులో కొంత తప్పు కొలతదే. చాలామంది దాన్ని ఒక్క ప్రశ్నతో కొలిచి ఊరుకున్నారు. మీరు చేస్తే "వాళ్ళు నన్ను చేయమంటున్నారా", "వాళ్ళు చేస్తున్నారా" అని రెండూ విడివిడిగా అడగండి. అమ్మ పెట్టుకోమంటుంది, ఫ్రెండ్ పెట్టుకోడు, ఈ రెండూ ఒకటి కాదు కదా.

ఇక దీని మీద గొడవ కూడా తెలుసుకోవాలి, వైవాలో అడుగుతారు. 2014లో స్నీహోటా, ఇంకో ఇద్దరు కలిసి ఈ థియరీకి రిటైర్‌మెంట్ ఇచ్చేద్దాం అని రాశారు, ఐజెన్ ఏమో ఇది ప్రవర్తనని వివరించడానికి, అంచనా వేయడానికి పెట్టిన థియరీ, మార్చే థియరీ అని నేనెప్పుడన్నాను అన్నట్టు జవాబిచ్చాడు. నన్నడిగితే రెండు వైపుల మాటలోనూ నిజముంది, కానీ ఐజెన్ జవాబు చదివాక ఒక్క టీపీబీతోనే "ఇంటర్వెన్షన్" డిజైన్ చేయడం మానేయాలి.

హెల్త్ బిలీఫ్ మోడల్

1950లలో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్‌లో హోచ్‌బామ్, రోజెన్‌స్టాక్ వాళ్ళకి వచ్చిన చిక్కులోంచి పుట్టింది. టీబీకి ఎక్స్‌రే పరీక్ష ఉచితంగా ఇంటి దగ్గర్లోనే పెట్టినా జనం రావట్లేదు, ఎందుకు? నాకు వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, చేయించుకుంటే లాభమేంటి, అడ్డమేంటి, ఇవి నాలుగు. వీటికి తోడు ఆ క్షణాన కదిలించే ఒక సూచన. ఆత్మవిశ్వాసం అన్న ముక్క 1988లో కలిపారు.

నర్సింగ్ కాలేజీల్లో దీన్నే ఎక్కువ ఇష్టపడతారు, ఎందుకంటే ప్రశ్నలు సులువుగా పుడతాయి. స్క్రీనింగ్, టీకా లాంటి ఒక్కసారి పనులకి నిజంగానే బాగుంటుంది. కానీ ఇందులో చుట్టూ ఉన్నవాళ్ళ మాట అన్నది విడిగా లేదు, ఉద్దేశం అన్న మెట్టూ లేదు. అత్తగారు వద్దంటే ఆగిపోయే కోడలి గురించి చదవాలంటే ఇది చాలదు. ఇంకోటి, కార్పెంటర్ 2010 మెటా అనాలిసిస్‌లో (చాలా స్టడీల ఫలితాలు కలిపి చూసే లెక్క) లాభాలు, అడ్డంకులు గట్టిగా పనిచేశాయి, "నాకు వస్తుందేమో" అన్న భయం దాదాపు పనిచేయలేదు. మన పోస్టర్లన్నీ ఆ భయం మీదే ఉంటాయి, పుర్రె బొమ్మతో సహా.

టామ్, యూటాట్

కొత్త యాప్, కొత్త సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ పేమెంట్ ఇలాంటివైతే ఫ్రెడ్ డేవిస్ 1989లో ఇచ్చిన టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్, అంటే టామ్, చాలు, ఉపయోగపడుతుందా, వాడటం సులువా అని రెండే ప్రశ్నలు. విశ్వనాథ్ వెంకటేశ్ వాళ్ళు 2003లో ఎనిమిది మోడల్స్ కలిపి యూటాట్ (యూనిఫైడ్ థియరీ ఆఫ్ యాక్సెప్టెన్స్ అండ్ యూజ్ ఆఫ్ టెక్నాలజీ) చేశారు, అందులో చుట్టూ ఉన్నవాళ్ళ ప్రభావం, అందుబాటులో ఉన్న సౌకర్యాలు కూడా వచ్చాయి. వాడాలన్న ఉద్దేశంలో 70 శాతం వరకు వివరిస్తుందని చెప్పుకుంటారు, చూడండి, అది ఉద్దేశంలో, వాడకంలో కాదు.

కూరగాయల బండి ఆయన క్యూఆర్ కోడ్ అట్ట ఎందుకు తగిలించాడు? ఉపయోగమని లెక్కేసుకుని కాదు, వచ్చినవాడల్లా "ఫోన్‌పే ఉందా" అని అడిగి, లేదంటే పక్క బండికి పోతున్నాడు కాబట్టి. ఆ డబ్బులు పడ్డాయని అరిచే స్పీకర్ పెట్టె వచ్చాక చేతిలో ఫోన్ చూసుకునే పని తప్పింది. దీన్ని టామ్‌తో కొలిస్తే సగం కథ జారిపోతుంది, యూటాట్ అయితే పట్టుకుంటుంది. ఆఫీసులో తప్పనిసరిగా వాడాల్సిన సాఫ్ట్‌వేర్‌కి మాత్రం రెండూ దండగే, ఇష్టం ఉన్నా లేకపోయినా వాడతారు, అక్కడ కొలవాల్సింది ఎంత సరిగ్గా వాడుతున్నారని.

ఉద్దేశం ఉండీ చేయనివాళ్ళ కోసం: ఇఫ్-దెన్ ప్లాన్, అలవాటు

వెబ్, షీరన్ 2006లో 47 ప్రయోగాలు కలిపి చూశారు. ఉద్దేశాన్ని బాగానే మార్చగలిగినా, ప్రభావం సైజు (ఎంత తేడా వచ్చిందో చెప్పే కొలత) 0.66, ప్రవర్తనలో వచ్చిన మార్పు 0.36 మాత్రమే. మిగతాది దారిలో ఎక్కడో పోయింది. పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన ఇంప్లిమెంటేషన్ ఇంటెన్షన్ ఈ గ్యాప్ కోసమే. "పెట్టుకుంటా" అని కాదు, "బండి తాళం చేతిలోకి తీసుకోగానే హెల్మెట్ పెట్టుకుని స్ట్రాప్ టక్కుమనే దాకా బిగిస్తా" అని, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే కట్టేసుకోవడం. 2006లో 94 పరీక్షల మెటా అనాలిసిస్‌లో సగటు ప్రభావం 0.65.

దీని మీద రెండు ఫలితాలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మిల్న్ వాళ్ళు 2002లో స్టూడెంట్స్ మీద చేసిన వ్యాయామం స్టడీలో ఊరికే వదిలేసినవాళ్ళలో 38 శాతం, గుండెజబ్బు గురించి చెప్పి మోటివేట్ చేసినవాళ్ళలో 35 శాతం, దాంతోపాటు ఎప్పుడు ఎక్కడ చేస్తారో రాయించినవాళ్ళలో 91 శాతం వ్యాయామం చేశారు. మిల్క్‌మన్ వాళ్ళు 2011లో ఒక కంపెనీ ఉద్యోగులకి ఫ్లూ టీకా తేదీ, టైము రాసుకోమంటే 33.1 నుంచి 37.1 శాతానికి పెరిగింది. మొదటిది చూసి ఎగిరి గంతేయొద్దు, అక్కడ చేశామని వాళ్ళే చెప్పుకున్నారు, రెండో దాంట్లో క్లినిక్ రికార్డు చూశారు. కానీ ఒక కాగితం ముక్క ఖర్చుకి నాలుగు పాయింట్లు రావడం కూడా మామూలు విషయం కాదు. షరతు ఏంటంటే ముందు ఉద్దేశం ఉండాలి. లేనివాడితో ఏ ప్లాన్ రాయించినా రాసి పారేస్తాడు.

అలవాటు సంగతి వేరు. ఉలెట్, వుడ్ 1998లో చూపించింది ఏంటంటే, ఎప్పుడో ఒకసారి చేసే పనుల్లో ఉద్దేశం బాగా అంచనా వేస్తుంది, రోజూ ఒకే చోట చేసేవాటిలో గతంలో చేసిందే గట్టిగా అంచనా వేస్తుంది. రోజువారీ టాపిక్ అయితే మీ టీపీబీ క్వశ్చనేర్‌కి అలవాటు ప్రశ్నలు కూడా కలపండి, వెర్‌ప్లాంకెన్, ఆర్బెల్ 2003లో ఇచ్చిన 12 ప్రశ్నల స్కేల్ ఉంది. అన్నట్టు 21 రోజుల్లో అలవాటు అవుతుందని ఎవరైనా అంటే, లాలీ వాళ్ళ 2010 స్టడీలో మధ్యస్థం 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా ఉందని చెప్పండి.

కామ్-బి

సూజన్ మిషీ, వాన్ స్ట్రాలెన్, వెస్ట్ 2011లో ఇచ్చింది. చేతనవునా (కేపబిలిటీ), అవకాశం ఉందా (ఆపర్చునిటీ), మనసుందా (మోటివేషన్), ఈ మూడూ ఉంటేనే పని (బిహేవియర్) జరుగుతుంది, పేరు కూడా ఆ మాటల నుంచే వచ్చింది. 19 పాత ఫ్రేమ్‌వర్క్‌లు కలిపి, ఏది లోపిస్తే ఏ రకం చర్య తీసుకోవాలో చెప్పే చక్రం కూడా తయారుచేశారు. ఇందులో లెక్కకట్టే ఈక్వేషన్ లేదు, కాబట్టి రిగ్రెషన్ టేబుల్ కావాలనే గైడ్‌కి నచ్చదు. ఫీల్డ్‌లో పనిచేసేవాళ్ళకి మాత్రం ఇంతకంటే పనికొచ్చేది నాకు కనపడలేదు. ఉత్తరాది ఐదు రాష్ట్రాల్లో 2014లో వచ్చిన స్క్వాట్ అనే మరుగుదొడ్ల వాడకం సర్వేలో, వాడకానికి పనికొచ్చే మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళలో కూడా 40 శాతం పైన ఇళ్ళలో ఎవరో ఒకరు బయటికే వెళ్తున్నారని తేలింది. అవకాశం కట్టించి ఇచ్చారు, మిగతా రెండూ ఎవరూ అడగలేదు.

| థియరీ | ఎప్పుడు తీసుకోవాలి | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|
| టీపీబీ | ఉద్దేశం ఎలా తయారవుతుందో తెలియాలంటే | అలవాట్లు, ఉద్దేశం తర్వాత కథ |
| హెల్త్ బిలీఫ్ | స్క్రీనింగ్, టీకా, ఒక్కసారి పనులు | ఇంట్లోవాళ్ళ మాట ముఖ్యమైనచోట |
| టామ్, యూటాట్ | ఇష్టపూర్వకంగా వాడే టెక్నాలజీ | తప్పనిసరి వాడకం |
| ఇఫ్-దెన్ ప్లాన్ | అనుకుని చేయనివాళ్ళు | అసలు అనుకోనివాళ్ళు |
| అలవాటు | రోజూ ఒకే చోట చేసేవి | అరుదైన పనులు |
| కామ్-బి | ప్రోగ్రామ్ డిజైన్ | సంఖ్యల్లో అంచనా |

మీరెవరు అన్నదాన్ని బట్టి

ఎంబీఏ వాళ్ళకి మూడు నెలల టైమ్, గూగుల్ ఫామ్, ఒక్కసారి డేటా, అంతే ఉంటుంది. యాప్ టాపిక్ అయితే యూటాట్, కాకపోతే టీపీబీ తీసుకోండి, టైటిల్‌లో "ఉద్దేశం" అని నిజాయితీగా పెట్టండి. వీలైతే వాడకం లాగ్, యూపీఐ హిస్టరీ లాంటిది చూపించమని ఒక చిన్న గ్రూపునైనా అడగండి, ఆ ఒక్క పేజీ మీ రిపోర్ట్‌ని మిగతావాళ్ళ నుంచి వేరుచేస్తుంది.

నర్సింగ్, పబ్లిక్ హెల్త్ వాళ్ళు స్క్రీనింగ్ అయితే హెల్త్ బిలీఫ్‌తో వెళ్ళి, దానికి ఇంట్లో నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్నలు చేర్చుకోండి. మాత్రలు రోజూ వేసుకోవడం లాంటి టాపిక్ అయితే టీపీబీకి అలవాటు కలపండి, సబ్‌సెంటర్ స్టాక్ సంగతి ఏఎన్ఎంని అడిగి విడిగా రాసుకోండి.

ఎన్జీవోలో ఉంటే కామ్-బి, ఇంకో ఆలోచన వద్దు. కుర్రాళ్ళ రేసింగ్, తాగి బండి నడపడం లాంటి టాపిక్ అయితే పైన చెప్పినవేవీ సరిగ్గా అతకవు, ఎవరూ ప్లాన్ చేసి చేసే పనులు కావవి, ఫ్రెండ్స్ రెచ్చగొడితే జరిగిపోతాయి. దానికి గిబ్బన్స్, జెరార్డ్ వాళ్ళ ప్రోటోటైప్ విల్లింగ్‌నెస్ మోడల్ చూడండి, "చేయాలనుకుంటున్నావా" అని కాకుండా "అలాంటి పరిస్థితి వస్తే ఒప్పుకుంటావా" అని అడుగుతుంది.

స్టడీ ఏం కాదు, నేనే మారాలి అంటారా, అయితే ఇఫ్-దెన్ ప్లాన్ ఒకటి కాగితం మీద రాసుకోండి, మిగతా థియరీలు మీకు అక్కర్లేదు.

ఇంకా తేలకపోతే పైలట్‌లో ఇరవై ముప్ఫై మందిని రెండే ప్రశ్నలు అడగండి, వచ్చే రెండు వారాల్లో ఈ పని చేయాలనుకుంటున్నారా అని ఒకటి, రెండు వారాలు ఆగి మళ్ళీ వెళ్ళి చేశారా అని ఇంకొకటి. అనుకోలేదు, చేయలేదు అన్న గడిలో ఎక్కువమంది పడితే టీపీబీ, హెల్త్ బిలీఫ్ వైపు వెళ్ళండి. అనుకున్నారు, చేయలేదు అన్న గడి నిండితే ప్లాన్, అలవాటు, కామ్-బి వైపు. రెండోసారి వెళ్ళినప్పుడు వాళ్ళ మాట ఒక్కటే రాసుకోకుండా, వీలైతే గేటు దగ్గర నిలబడి స్ట్రాప్ బిగించారో లేదో కూడా చూసి రాసుకోండి.